రంపం కింద నేల, రంపం వెనక పొట్టు

కోత మిల్లు కథ ఎవరు చెప్పినా రంపం దగ్గర మొదలుపెట్టి రంపం దగ్గరే ఆపుతారు. 1777లో ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ తీసుకున్న పేటెంటులో గుండ్రటి రంపం ప్రస్తావన ఉంది. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో లండన్‌లో విలియం న్యూబెర్రీ రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్యాండ్ రంపానికి పేటెంటు పొందాడు గానీ, పట్టీ అతుకు నిలవక ఆ ఊహ చాలాకాలం పనికి రాలేదు. 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపాన్ అతుకు వేసే పద్ధతి కనిపెట్టాకే దానికి ప్రాణం వచ్చింది. 1982లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో పుట్టిన వుడ్-మైజర్ కంపెనీ అదే పట్టీని సన్నం చేసి, బండికి తగిలించుకుని పోగలిగేంత చిన్న మిల్లులో కూర్చింది. ఇవాళ కెనడాలోనో స్వీడన్‌లోనో ఒక రైతు తన పెరట్లోనే దుంగలు కోసుకుంటున్నాడంటే ఈ వరసకు చివరివాడన్నమాట. ఈ కథలో అబద్ధమేమీ లేదు, సగం మాత్రం లేదు. పేటెంట్లు రంపానికి వచ్చాయి. మిల్లు నిలబడే చోటుకు పేటెంటు ఉండదు కనుక దాని చరిత్ర ఎవరికీ పట్టలేదు. పెరటి మిల్లు తిన్నగా కోస్తుందా లేదా అన్నది తేల్చేవి మాత్రం దాని కింద ఉన్న నేల, దాని వెనక పోగయ్యే పొట్టు. ఈ రెండూ వేర్వేరు చికాకుల్లా కనిపిస్తాయి గానీ, ఒకే సమస్యకు రెండు కొసలని నా వాదన.

చాలా శతాబ్దాలపాటు ఈ రెండు పనులూ నది ఒడ్డే చేసిపెట్టింది. ఇప్పటి టర్కీలోని హియరాపొలిస్‌లో 3వ శతాబ్దపు రాతి శవపేటిక మీద ఒక బొమ్మ ఉంది: నీటిచక్రం తిరుగుడును రంపం ముందువెనకల కదలికగా మార్చే అమరిక. అది కోసింది రాయినే అయినా, కర్ర రంపానికి కావలసిన కీలకమంతా అందులో ఉంది. 1230 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన వీయార్ ద ఒనెకూర్ తన చిత్రాల పుస్తకంలో నీటితో నడిచే కర్ర రంపాన్ని గీశాడు. అలాంటి మిల్లుకు దుంగలు తెచ్చేది నది, చక్రం తిప్పేది నది, పొట్టు మోసుకుపోయేదీ నదే. నీళ్లు దూకే చోట సాధారణంగా బండ ఉంటుంది కాబట్టి పునాదీ సిద్ధంగా దొరికేది. మన గోదావరి మీద కూడా భద్రాచలం అడవుల కలప తెప్పలు కట్టుకుని రాజమహేంద్రవరం చేరిన రోజులున్నాయి. హాలండ్‌లో కోర్నెలిస్ కోర్నెలిస్‌జోన్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1593లో పేటెంటు పొంది మరుసటేడు కట్టిన గాలిమర కోత మిల్లును ఆయన తెప్ప మీదే నిలబెట్టాడు. గాలి ఎటు మళ్లితే అటు మిల్లు మొత్తాన్నీ తిప్పడానికి. పునాదే నీళ్లయిన మిల్లు అది.

ఈ ఉచిత సేవకు లెక్క కట్టాల్సిన రోజు కెనడాలోని ఒట్టావాలో వచ్చింది. 19వ శతాబ్దం రెండో సగంలో షోడియేర్ జలపాతం దగ్గర జె. ఆర్. బూత్ వంటి కలప దొరల మిల్లులు పొట్టునూ తొక్కునూ నేరుగా నదిలోకి వదిలేవి. అది మెత్తటి దిబ్బలుగా అడుగున పేరుకుని, కుళ్లి, మీథేన్ పుట్టించింది. నది మీద పేలుళ్లు జరిగాయి. అక్కడే పడవలు అద్దెకిచ్చుకుని బతికే ఆంటోయిన్ రాటే తన రేవు ముందు నీరు పొట్టుతో పూడిపోయిందని బూత్ తదితరుల మీద దావా వేశాడు. ఆ వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1890లో తీర్పు పడవలవాడి పక్షానే వచ్చింది. న్యాయశాస్త్రంలో ఈ కేసును నదీతీర హక్కుల పాఠంగా చదువుతారు. యంత్రాల చరిత్రలో కూడా దానికి చోటివ్వాలని నాకనిపిస్తుంది. ఆవిరి యంత్రం వచ్చి చక్రం తిప్పే పనిని, రైలు వచ్చి దుంగలు తెచ్చే పనిని నది నుంచి తీసుకున్నాయి. పొట్టు మోసే పనికి మాత్రం వారసుడు ఇంకా తేలలేదని ఆ కేసు చెప్పింది.

నేల సంగతిలో మార్పు ఇంకోలా జరిగింది. పాతకాలపు చట్రపు రంపం నిలువుగా కిందికీ పైకీ ఆడేది. లెక్కకు, 200 కిలోల చట్రం అర మీటరు మేర ఆడుతూ నిమిషానికి 200 సార్లు పోయివస్తుందనుకుందాం. ప్రతి మలుపు దగ్గరా అది మిల్లు మీద వేసే బలం రెండు టన్నులు దాటుతుంది, అదీ ఒకసారి పైకి, ఒకసారి కిందికి. అలాంటి యంత్రానికి పునాది అంటే ఆ ఊపును మింగే బరువు. బ్యాండ్ రంపం ఎప్పుడూ ఒకే దిక్కుకు పరుగెత్తుతుంది కనుక ఈ కుదుపు లేదు. అందుకే చిన్న మిల్లుకు పునాదే అక్కర్లేదన్న నమ్మకం పుట్టింది. బండి మీద అడవిలోకి తీసుకుపోవడానికే చేసిన యంత్రానికి కాంక్రీటు ఎందుకు అని అడిగేవాళ్ల ప్రశ్న సబబైనదే. కానీ పునాది పని పోలేదు, మారింది. మునుపు అది ఊపును ఆపాలి, ఇప్పుడు తిన్నదనాన్ని నిలపాలి. బరువైన పాత యంత్రం తన తిన్నదనాన్ని తనలోనే మోసేది. తేలిక చట్రం దాన్ని నేల దగ్గర అప్పు తెచ్చుకుంటుంది.

ఈ అప్పు ఎలా తీరుతుందో చూడాలంటే ఒక దుంగను వరసగా కోయాలి. చిన్న మిల్లులో దుంగ అడ్డకమ్మీల మీద కదలకుండా పడుకుంటుంది. ఇంజనూ చక్రాలూ పట్టీ ఉన్న తల, పట్టాల మీద దాని వెంట నడుస్తుంది. పట్టాలు ఆరు మీటర్ల మేర వేసి, నడుమ కాలొకటి మూడు మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. దుంగ బిగువైనది, రెండు కొసల కమ్మీల మీద తిన్నగానే నిలుస్తుంది. రంపం మాత్రం పట్టాలను అనుసరించి నడుమ మూడు మిల్లీమీటర్లు దిగి కోస్తుంది. పైముఖం ఆ మేరకు లోతుగా వస్తుంది. తర్వాతి పలకలకు కూడా పైనా కిందా ఒకే వంపు కాబట్టి మందం సమానంగానే ఉంటుంది. కోసేవాడికి అనుమానం రాదు. అప్పుడు దుంగను తిరగేసి, కోసిన ముఖాన్ని కమ్మీల మీద పెడతారు. ఇప్పుడు కింద మూడు మిల్లీమీటర్ల లోతు, పైన రంపం దిగే మూడు మిల్లీమీటర్లు కలిసి, ఆఖరి పలక నడుమ కొసల కంటే ఆరు మిల్లీమీటర్లు పల్చబడుతుంది. వంకర స్కేలుతో ఒక గీత గీసి, స్కేలు తిరగేసి మళ్లీ గీస్తే వంకర రెట్టింపుగా కనిపించినట్టే ఇది. పైగా బరువైన దుంగ ఎక్కగానే చట్రం ఇంకాస్త దిగుతుంది, కోసినకొద్దీ మళ్లీ లేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు రసమట్టం పెట్టి చూసి సంబరపడితే చాలదు; దుంగ ఎక్కించాక చూడాలి.

కర్ర ఎలాగూ వంగుతుంది కదా, ఇంత పట్టింపు దేనికి అన్న అభ్యంతరం, కాంక్రీటు ఎందుకన్న ప్రశ్న కంటే గట్టిది. నిజమే, నిలువునా పెరిగిన చెట్టులో బిగువులుంటాయి. యూకలిప్టస్ పలకలు రంపం వదిలిన క్షణంలోనే విల్లులా లేచిపోవడం కోతవాళ్లందరికీ తెలుసు. ఆరేటప్పుడు కర్ర అన్ని దిక్కులా ఒకే తీరున కుంచించుకోదు. ఆ వంపును ఏ కాంక్రీటూ ఆపదు. కానీ ఈ వాదన పునాదిని కొట్టివేయదు, దాని అవసరాన్ని పెంచుతుంది. పలక వంకరగా వచ్చినప్పుడు తప్పు కర్రదా, రంపం మొద్దుబారిందా, నేల దిగిందా అని తెలియాలి. మూడింటిలో నేలను ముందే ఖాయం చేసుకుంటే మిగతా రెంటినీ వెతకొచ్చు. అది కూడా కదులుతుంటే మూడు తెలియని సంఖ్యలు, ఒక్క సమీకరణం. చాలామంది పట్టీ మీద పట్టీ మార్చి డబ్బు తగలేసేది ఇక్కడే.

అయితే పునాది అనగానే మందపాటి కాంక్రీటు గచ్చు ఊహించనక్కర్లేదు. మిల్లు 600 కిలోలు, దుంగ 900 కిలోలు, కాళ్లు ఆరు అనుకుంటే కాలికి పావు టన్ను. ముప్పై సెంటీమీటర్ల చదరపు దిమ్మ మీద అది చదరపు మీటరుకు మూడు టన్నుల లోపే. దిమ్మిస కొట్టిన మామూలు గట్టినేల పది టన్నుల దాకా ఇబ్బంది లేకుండా మోస్తుంది. ఇక్కడ శత్రువు బరువు కాదు, నీళ్లు. కెనడాలో చలికాలం నేల మీటరు లోతుకు పైగా గడ్డకట్టే చోట్లున్నాయి. తడి మట్టిలో మంచు పలకలు పెరిగి దిమ్మను ఎత్తేస్తాయి, వేసవికి దింపేస్తాయి, అదీ అన్ని దిమ్మలనూ సమానంగా కాదు. మన దగ్గర నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలివ్వడం వేరే కారణం వల్లే గానీ, పట్టాలకు జరిగే అన్యాయం అదే. అందుకే తెలిసినవాళ్లు ఖర్చును కాంక్రీటు మందం మీద కంటే ముందు నీటి పారుదల మీద పెడతారు: పైమట్టి తీసి, కంకర పరిచి దిమ్మిస కొట్టి, వాన నీరు బయటికి పోయే వాలు ఇచ్చి, దాని మీద దిమ్మలు పోసి, కాళ్లకు మరతో ఎత్తు సరిచేసుకునే ఏర్పాటు ఉంచుతారు. నేల కదలదని నమ్మడం కంటే కదిలితే సరిచేసుకునే వీలు ఉంచడం తెలివి. దుంగ దొర్లి వచ్చి గుద్దే పక్కన కాళ్లను దిమ్మలకు బిగించాలి. నిలువు బరువుకు చలించని చట్రం ఆ పక్కపోటుకు జరుగుతుంది.

ఇక పొట్టు. సన్నపట్టీ వచ్చాక పొట్టు తగ్గిందన్నది నిజం. గుండ్రటి రంపం ఆరు మిల్లీమీటర్ల దారి తొలిస్తే, సన్నపట్టీ రెండుతో సరిపెడుతుంది. పాతిక మిల్లీమీటర్ల పలకలు తీస్తే మొదటిదానిలో కర్రలో దాదాపు ఐదో వంతు పొడి అవుతుంది, రెండోదానిలో పద్నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. అంతమాత్రాన ఆ కాస్తకీ ఏర్పాటు దేనికనడం తొందరపాటు. నలభై సెంటీమీటర్ల అడ్డకొలత, మూడు మీటర్ల పొడుగున్న దుంగ 380 లీటర్ల కర్ర. అందులో సన్నపట్టీ తినేది సుమారు 28 లీటర్లు. పొట్టుగా విడిపోయాక అది మూడింతలవుతుంది. రోజుకు పది దుంగలు కోస్తే ఎనిమిది వందల లీటర్లు, అంటే పెద్ద గోతాలు ఎనిమిది, ప్రతిరోజూ. పారతో ఎత్తేవాడు కోసేవాడితో సమానంగా కష్టపడాలి.

ఆ పొట్టు ఎక్కడెక్కడ అడ్డుపడుతుందో చూస్తే నేలకూ దానికీ ఉన్న చుట్టరికం బయటపడుతుంది. పళ్ల మధ్య గుంటలు కోతకు ఎంత అవసరమో పొట్టు మోయడానికీ అంతే. తలను తొందరపెట్టి తోస్తే గుంటలు నిండి, మిగిలిన పొడి పట్టీకీ పలకకూ నడుమ ఇరుక్కుని, పట్టీ వేడెక్కి అలలు అలలుగా కోస్తుంది. జిగురున్న పొట్టు చక్రాలకు అంటి పట్టీని పక్కకు నెడుతుంది. పట్టాల మీద పడి చక్రాల కింద నలిగిన పొర ఒక మిల్లీమీటరు ఉంటే చాలు, అక్కడ రంపం ఒక మిల్లీమీటరు లేస్తుంది. అంటే దిమ్మల మీద శ్రద్ధగా సంపాదించిన మట్టాన్ని పొట్టు పైనుంచి చెడగొడుతుంది. కిందినుంచీ వదలదు. చట్రం కింద పోగైన గుట్ట వాననీటిని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. కాళ్ల కింద కర్రదిమ్మలుంటే అవి కుళ్లుతాయి, మట్టి అయితే మెత్తబడి దిగుతుంది.

దీనికి జవాబుగా చాలామంది మొదట పొట్టును పీల్చే గాలి యంత్రం వైపు చూస్తారు. పొట్టు గొట్టంలో ఆగకుండా పోవాలంటే గాలి సెకనుకు సుమారు ఇరవై మీటర్ల వేగంతో వీయాలి. పచ్చి దుంగ పొట్టు తడిగా ఉండి ముడతల గొట్టంలో అంటుకుంటుంది. రంపం తల కదులుతుంటుంది కనుక గొట్టమూ దాని వెంట ఈడ్చుకుపోవాలి. నా దృష్టిలో పెరటి మిల్లుకు వాలే మొదటి యంత్రం. పట్టీ పొట్టును ఎప్పుడూ ఒకే పక్కకు విసురుతుంది. ఆ పక్క గాలివాటున ఉండేలా మిల్లును నిలిపి, పట్టాల వెంబడి ఒక కాలువ వదిలి, అందులో గొలుసు కన్వేయరో బెల్టో వేస్తే, లేదా కనీసం తోపుడుబండి దిగేంత పల్లం ఇస్తే, పనిలో పెద్ద భాగం బరువే చేసుకుంటుంది. గాలి యంత్రం ఉపయోగం పొడి కర్ర దగ్గర మొదలవుతుంది. అక్కడే ప్రమాదమూ మొదలవుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2012 జనవరి 20న బర్న్స్ లేక్ దగ్గర, ఏప్రిల్ 23న ప్రిన్స్ జార్జ్‌లో రెండు మిల్లులు పొడి పేలి ధ్వంసమయ్యాయి. చెరొకచోటా ఇద్దరు కార్మికులు చనిపోయారు. పురుగు పట్టి నిలువునా ఎండిన పైన్ చెట్లను కోసేటప్పుడు వచ్చే సన్నటి పొడి మూసిన భవనంలో పేరుకోవడం ఆ రోజుల్లో అక్కడి మిల్లుల్లో మామూలే. నాలుగు వైపులా తెరిచిన పెరటి పాకలో అంతటి ముప్పు లేదు గానీ, ఊపిరికి మాత్రం మినహాయింపు లేదు: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కర్ర పొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

మన దగ్గర పెరటి మిల్లు మాట అంత తేలిక కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కోత మిల్లుకు అటవీశాఖ లైసెన్సు ఉండాలి. అడవుల రక్షణపై నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 నుంచి ఇస్తూ వచ్చిన ఉత్తర్వుల తర్వాత కొత్త మిల్లు పెట్టడం మరీ కష్టమైంది. అయినా పొట్టుకు వారసుణ్ణి వెతకడంలో మనవాళ్లు ఒట్టావా దొరల కంటే ముందున్నారు. డబ్బాలో నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, రోకలి తీసి వెలిగించే పొట్టు పొయ్యి ఎన్నో ఇళ్లలో, హోటళ్లలో గంటల తరబడి మండింది. సామిల్లు వెనక పొట్టు బస్తాకు ధర పలికింది. వ్యర్థానికి కొనేవాడు దొరికితే దాన్ని తీసేసే ఖర్చు దానంతటదే తగ్గుతుంది. పశువుల కొట్టంలో పరుపుగానో పొయ్యిలోనో దానికి చోటు చూపించలేని మిల్లు ఎంత మంచి కన్వేయరు పెట్టినా గుట్టను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినట్టే.

ఏడాదికి పది దుంగలు కోసుకునేవాడికి ఇదంతా అక్కర్లేదు. రెండు పాత రైలు దిమ్మలు, ఒక నీటిగొట్టం మట్టం, ఒక పార చాలు. ప్రతిసారీ మట్టం చూసుకునే ఓపిక ఉంటే అతని పలకలు ఎవరికీ తీసిపోవు. వారానికి కొన్ని రోజులైనా కోసేవాడికి మాత్రం ఆ ఓపికకయ్యే ఖర్చు త్వరలోనే కాంక్రీటు ఖర్చును దాటుతుంది. అలాంటివాడు పని మొదలుపెట్టే వరస కూడా ముఖ్యం. ముందు గాలి దిక్కు, ఆపైన వాలు, తర్వాత పొట్టు కాలువ, ఆఖరున దిమ్మలు. దిమ్మలు పోశాక కాలువ తవ్వితే, ఒక పక్క మట్టి వదులై ఆ పక్క కాళ్లే ముందు దిగుతాయి.