పందెం కార్లకు విద్యుత్ రెక్కలు: ఉక్కునగరంలో ఆశ, అనుమానం

జంషెడ్‌పూర్: సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం చెంత వెలసిన ఈ నగరంలో ఒక్క కారు కూడా తయారు కాదు. ఇక్కడి టాటా మోటార్స్ కర్మాగారం నుంచి వెలువడేవి లారీలు, టిప్పర్లు, ట్రైలర్లను లాగే భారీ వాహనాలు. అయినా ప్రపంచంలో ఏ మూల విద్యుత్ స్పోర్ట్స్ కారు ప్రస్తావన వచ్చినా జంషెడ్‌పూర్ చెవులు రిక్కిస్తుంది. కారణం లేకపోలేదు. బ్రిటన్ దర్పానికి ప్రతీకగా నిలిచిన జాగ్వార్‌ను 2008 జూన్‌లో, ల్యాండ్ రోవర్‌తో కలిపి, ఫోర్డ్ సంస్థ నుంచి 230 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసినది ఈ నగరంలో పుట్టిన కంపెనీయే. ఇప్పుడా జాగ్వార్ పెట్రోలు, డీజిలుకు పూర్తిగా స్వస్తి చెప్పి, విద్యుత్ కార్ల మీదనే తన భవితవ్యాన్ని పణంగా ఒడ్డింది.

ఆ పణం చిన్నది కాదు. 2021 ఫిబ్రవరిలో ఈ నిర్ణయాన్ని ప్రకటించిన జాగ్వార్, అప్పటికే తయారీకి సిద్ధమవుతున్న విద్యుత్ ఎక్స్.జె. కారును అదే రోజు పక్కన పెట్టేసింది. 2024లో ఎఫ్-టైప్ స్పోర్ట్స్ కారుకు, మరికొన్ని నమూనాలకు వీడ్కోలు పలికింది. అదే సంవత్సరం డిసెంబరులో అమెరికాలోని మయామీ నగరంలో ‘టైప్ 00’ అనే నమూనాను ప్రదర్శించింది. పొడవాటి ముందుభాగం, వెనుక అద్దమే లేని వీపు, గులాబీ, నీలి వర్ణాల మెరుపు చూసి కొందరు ముగ్ధులయ్యారు, మరికొందరు ముక్కున వేలేసుకున్నారు. దీని స్ఫూర్తితో నాలుగు తలుపుల గ్రాండ్ టూరర్‌ను తయారు చేస్తామని, ఒకసారి చార్జి చేస్తే 770 కి.మీ. వరకు ప్రయాణించడం, 15 నిమిషాల చార్జింగ్‌తో 321 కి.మీ. సాగిపోవడం తమ లక్ష్యాలని సంస్థ ప్రకటించింది. ధర లక్ష పౌండ్లకు పైబడి ఉంటుందన్నది అంచనా. అంటే 2025 నాటి మారకపు రేటులో కోటి రూపాయలకు పైమాటే.

విమర్శకులకు వెంటనే ఓ ఆయుధం దొరికింది. 2025 ఏప్రిల్‌లో ఐరోపా మొత్తంలో నమోదైన కొత్త జాగ్వార్ల సంఖ్య 49 మాత్రమే. ఒకప్పటి మేటి సంస్థకు పట్టిన గతి చూడండని పలువురు ఎద్దేవా చేశారు. నిజానికి ఆ అంకె కొనుగోలుదారుల విముఖతకు కొలమానం కాదు. పాత నమూనాల ఉత్పత్తిని సంస్థే బుద్ధిపూర్వకంగా ఆపివేసింది. దుకాణంలో సరుకే లేనప్పుడు అమ్మకాలు ఎక్కడి నుంచి వస్తాయి? అయితే అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. అమ్మడానికి ఏమీ లేకుండా ఏడాదికి పైగా దుకాణం మూసుకున్న వ్యాపారి తలుపు తెరిచేసరికి పాత ఖాతాదారులు వాకిట నిలిచి ఉంటారా?

రేస్‌మో చేదు జ్ఞాపకం

టాటాల విద్యుత్ స్పోర్ట్స్ కారు అనగానే ‘రేస్‌మో’ గుర్తుకు రాకమానదు. 2017 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ ‘టామో’ అనే ఉపవిభాగాన్ని ప్రకటించి, మరుసటి నెలలోనే జెనీవా మోటార్ ప్రదర్శనలో రెండు సీట్ల రేస్‌మోను ఆవిష్కరించింది. ఇటలీలోని టూరిన్‌లో ఉన్న సంస్థ డిజైన్ కేంద్రం దాని రూపశిల్పి. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 190 అశ్వశక్తి, ఆరు సెకన్లలోపే 100 కి.మీ. వేగం అని చెప్పారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడాలోని ఆటో ఎక్స్‌పోలో విద్యుత్‌తో నడిచే రూపాన్ని కూడా వేదిక ఎక్కించారు. భారతీయ సంస్థ తయారు చేసే విద్యుత్ స్పోర్ట్స్ కారు సామాన్య మధ్యతరగతి ఊహకు కాస్త దగ్గరగా వచ్చినది అప్పుడే.

ఆ తర్వాత ఏమైంది? లెక్కలు వేసి చూసుకున్న సంస్థ పథకాన్ని అటకెక్కించింది. ఒక్క కారు కూడా కొనుగోలుదారు ఇంటి ముంగిటికి చేరలేదు. విచిత్రమేమంటే, 2025 జూన్‌లో అదే సంస్థ విడుదల చేసిన హారియర్ విద్యుత్ కారు, కుటుంబమంతా ఎక్కి తిరిగే ఐదు సీట్ల బండి, రెండు మోటార్లతో 6.3 సెకన్లలో 100 కి.మీ. వేగాన్ని అందుకుంటుంది. రేస్‌మో గొప్పగా చెప్పుకున్న వేగానికి ఇది కూతవేటు దూరంలోనే ఉంది. పందెం గుర్రం చేయాల్సిన పనిని బండి ఎద్దే చేస్తుంటే గుర్రాన్ని ఎవరు కొంటారన్న సందేహం అప్రస్తుతమేమీ కాదు.

వాగ్దానాల వర్షం

వాగ్దానం చేసి తప్పించుకోవడంలో టాటాలు ఒంటరివారు కారు. ఈ విషయంలో అగ్రపీఠం అమెరికాలోని టెస్లాకే చెందుతుంది. 2008 నుంచి 2012 వరకు లోటస్ ఎలీజ్ కారు ఆధారంగా రూపొందించిన రోడ్‌స్టర్‌ను రెండు వేలకు పైగా విక్రయించి, విద్యుత్ కారు అంటే గోల్ఫ్ మైదానపు బండి కాదని టెస్లా నిరూపించిన మాట వాస్తవం. 2017 నవంబరులో దాని రెండవ తరాన్ని ప్రదర్శించిన ఎలాన్ మస్క్, 1.9 సెకన్లలో గంటకు 60 మైళ్ల వేగం, సుమారు వెయ్యి కిలోమీటర్ల ప్రయాణ సామర్థ్యం అంటూ లోకాన్ని నివ్వెరపరిచారు. 2020లో వస్తుందన్నారు. 50 వేల డాలర్లు ముందస్తుగా చెల్లించి వరుసలో నిలబడినవారు ఉన్నారు. 2025 సంవత్సరం ముగిసింది గాని ఒక్క కారు కూడా ఎవరికీ అందలేదు. 2026 ఏప్రిల్ 1న కొత్త రూపాన్ని ప్రదర్శిస్తామని 2025 నవంబరులో వాటాదారులకు మస్క్ చెప్పారు. తేదీ ఎంపికలోని చమత్కారం వాటాదారులకు అర్థమయ్యే ఉంటుంది.

తయారు చేసి చూపినవారి అనుభవమూ మిశ్రమమే. క్రొయేషియాకు చెందిన రిమాక్ సంస్థ 1,900కు పైగా అశ్వశక్తి గల నెవేరాను 150 మాత్రమే చేస్తామని ప్రకటించింది. ఆ కొద్దిపాటి సంఖ్యకూ కొనుగోలుదారులను వెతుక్కోవలసి వచ్చింది. అపర కుబేరులు యంత్రపు గర్జననే కోరుకుంటున్నారని సంస్థాధిపతి మాటె రిమాక్ 2024లో బహిరంగంగానే అంగీకరించారు. మన మహీంద్రా సంస్థకు చెందిన పినిన్‌ఫరీనా ‘బట్టిస్టా’ కూడా ఈ రిమాక్ యంత్రాంగంతో నడిచేదే. ఇటలీ సంస్థ మసెరాటి తన ఎం.సి.20 విద్యుత్ రూపాన్ని 2025 మార్చిలో విరమించుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో జర్మనీ దిగ్గజం పోర్షె సైతం విద్యుత్ ప్రణాళికల వేగాన్ని తగ్గించింది.

ఇందుకు భిన్నమైన దృశ్యం చైనాలో కనిపిస్తోంది. బి.వై.డి. సంస్థకు చెందిన యాంగ్‌వాంగ్ యు9 కారు 2025 సెప్టెంబరులో జర్మనీలోని పరీక్షా మార్గంపై గంటకు 496.22 కి.మీ. వేగాన్ని నమోదు చేసింది. ఇంతకాలం పెట్రోలు కార్ల సొత్తుగా ఉన్న వేగ సింహాసనాన్ని విద్యుత్ కారు ఆక్రమించినట్లయింది. అసలు వేగం విద్యుత్తుకు కొత్తేమీ కాదు. ప్రపంచంలో గంటకు 100 కి.మీ. హద్దును మొదట దాటినది 1899 ఏప్రిల్‌లో కామిల్ జెనాట్జీ అనే బెల్జియం వాసి నడిపిన విద్యుత్ కారే.

బరువే బరువు

సందేహాలకు మూలం భౌతికశాస్త్రంలో ఉంది. కిలో పెట్రోలులో సుమారు 12 కిలోవాట్-గంటల శక్తి నిక్షిప్తమై ఉంటే, కిలో లిథియం అయాన్ సెల్‌లో పావు కిలోవాట్-గంటకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. పెట్రోలు ఇంజను ఆ శక్తిలో మూడింట రెండు వంతులకు పైగా వేడి రూపంలో వృథా చేస్తుంది. మోటారు పదింట ఒక వంతు కూడా పోగొట్టదు. ఆ లెక్క తీసివేసినా వ్యత్యాసం భారీగానే మిగులుతుంది. దానిని పూడ్చాలంటే బ్యాటరీని పెంచాలి; బ్యాటరీ పెరిగితే బరువు పెరుగుతుంది. తేలికదనమే ప్రాణంగా భావించే స్పోర్ట్స్ కారుకు అది గుదిబండ. 2025 జులైలో భారత విపణిలో రూ. 74.99 లక్షల ధరతో అడుగిడిన ఎం.జి. సైబర్‌స్టర్ ఇందుకు ఉదాహరణ. 510 అశ్వశక్తి గల ఈ రెండు సీట్ల కారు 3.2 సెకన్లలో 100 కి.మీ. వేగాన్ని అందుకుంటుంది. కానీ బరువు దాదాపు రెండు టన్నులు. జపాన్ వారి మజ్దా ఎం.ఎక్స్-5 టన్నుకు కాస్త పైన మాత్రమే ఉంటుంది.

మోటారులో ఉన్న సుగుణం కదలిక మొదలైన క్షణం నుంచే పూర్తి తిప్పుడు బలం లభించడం. గేర్ల తంటా లేదు, ఇంజను వేగం పుంజుకునే దాకా నిరీక్షణ లేదు. అయితే పందెపు బాటలో చుట్టు తర్వాత చుట్టు గరిష్ఠ వేగంతో పరుగెత్తినప్పుడు బ్యాటరీ వేడెక్కుతుంది. వేడెక్కిన బ్యాటరీని కాపాడటానికి యంత్రాంగమే శక్తిని తగ్గిస్తుంది. 100 కిలోవాట్-గంటల బ్యాటరీని పావుగంటలో నింపాలంటే 400 కిలోవాట్ల విద్యుత్ కావాలి. ఇంటికి రెండు కిలోవాట్ల చొప్పున లెక్కిస్తే, అది 200 ఇళ్లు ఏకకాలంలో వాడుకునే కరెంటు. వేసవిలో కోతలు తప్పని పట్టణాలున్న దేశంలో ఈ లెక్కను తేలిగ్గా తీసుకోలేం.

ఈ సమస్యలతో పందెపు ఇంజనీర్లు తలపడే తీరును తెలుగువారు కళ్లారా చూశారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఇ పోటీలో జాగ్వార్ జట్టు రెండు కార్లతో బరిలో దిగింది. జట్టు పేరులోనే టి.సి.ఎస్. ఉంది కనుక అది సగం మన జట్టేనని చెప్పుకున్న అభిమానులకు నిరాశే మిగిలింది. ఆ జట్టు చోదకులైన సామ్ బర్డ్, మిచ్ ఇవాన్స్‌ల కార్లు ఒకదానినొకటి ఢీకొని రెండూ వైదొలిగాయి. విజయం ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వేర్న్‌ను వరించింది. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. జాగ్వార్ జట్టు మాత్రం 2023-24 సీజన్‌లో జట్ల విజేతగా నిలిచి పరువు దక్కించుకుంది.

ఆదిత్యపూర్ లెక్క వేరు

పందెపు వినోదం ఒక ఎత్తు, పొట్టకూటి చింత మరొక ఎత్తు. జంషెడ్‌పూర్ పొరుగునే ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని వందలాది చిన్న, మధ్యతరహా పరిశ్రమలు టాటా మోటార్స్ కర్మాగారాన్ని నమ్ముకున్నవే. పోతపోసిన లోహభాగాలు, గేర్లు, షాఫ్టులు, ఇంజను విడిభాగాలు వాటి ఉత్పత్తులు. 2019 జులై, ఆగస్టు నెలల్లో లారీల గిరాకీ పడిపోయి పెద్ద కర్మాగారం పలుమార్లు ఉత్పత్తిని నిలిపివేసినప్పుడు ఈ వాడలో యంత్రాలు మూగబోయాయి. కాంట్రాక్టు కార్మికులు రోజుల తరబడి పనికి దూరమయ్యారు. ఒక యజమానికి జలుబు చేస్తే వాడంతా తుమ్ముతుందన్న సంగతి అప్పుడు మరోసారి తేలింది.

విద్యుత్ కారులో క్రాంక్ షాఫ్టు ఉండదు, పిస్టన్లు ఉండవు, క్లచ్ ఉండదు. దాని విలువలో పెద్ద వాటా బ్యాటరీది. టాటాల అగ్రతాస్ సంస్థ బ్యాటరీ కర్మాగారాలను గుజరాత్‌లోని సనంద్‌లోనూ, బ్రిటన్‌లోని సోమర్‌సెట్‌లోనూ తలపెట్టింది గాని జార్ఖండ్‌లో కాదు. ముడి ఖనిజాల రాష్ట్రానికి ఇది మింగుడుపడని విషయం. జంషెడ్‌పూర్‌కు సుమారు 45 కి.మీ. దూరంలోని ఘాట్‌శిలా ప్రాంతంలో హిందుస్థాన్ కాపర్ సంస్థ గనులున్నాయి. సాధారణ కారులో 20 కిలోల పైచిలుకు రాగి వాడితే, విద్యుత్ కారులో 80 కిలోల దాకా వాడతారన్నది పరిశ్రమ వర్గాల లెక్క. ఆ రాగితో చేసిన తీగ చుట్టే మోటారు మాత్రం మరెక్కడో తయారవుతోంది.

బిష్టుపూర్, కద్మా, సోనారి వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మార్పులు పరాయి సంగతి కావు. గత శతాబ్ది ఆరంభం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి ఉక్కు కొలిమిలోనూ, 1945లో నెలకొన్న టెల్కోలోనూ చేరినవారి వారసులు వీరు. రైలింజన్లతో మొదలై 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీకి మళ్లిన టెల్కోను చూసిన కుటుంబాలవి. మూడు తరాలుగా ఒకే గేటు దాటినవారి పిల్లలు బ్యాటరీ రసాయనాలను, కంప్యూటర్ ప్రోగ్రామ్‌లను నేర్చి సనంద్‌కో, పుణెకో, హైదరాబాద్‌కో పయనమవ్వాలా అన్నది స్పోర్ట్స్ కారు అందచందాల కంటే వారికి ముఖ్యమైన ప్రశ్న.

రెండుగా చీలిన ఇల్లు

2025 అక్టోబరు 1 నుంచి టాటా మోటార్స్ రెండు కంపెనీలుగా విడిపోయింది. విద్యుత్ కార్లు, జాగ్వార్ ల్యాండ్ రోవర్ ఒకవైపు, లారీలు, బస్సులు మరొకవైపు చేరాయి. జంషెడ్‌పూర్ కర్మాగారం లారీల కంపెనీ వాటాకు వచ్చింది. దీనిని వరంగా భావించేవారు లేకపోలేదు. జాగ్వార్ ల్యాండ్ రోవర్ కొనుగోలు అనంతరం 2008-09లో టాటా మోటార్స్ ఏకీకృత ఖాతాల్లో రూ. 2,505 కోట్ల నష్టం చూపిన చేదు అనుభవం పాతవారికి గుర్తుంది. 2025 సెప్టెంబరు ఆరంభంలో సైబర్ దాడి వల్ల బ్రిటన్ కర్మాగారాలు వారాల తరబడి మూతపడగా, ఆ త్రైమాసికంలో జాగ్వార్ ల్యాండ్ రోవర్ పన్నుకు ముందు 48.5 కోట్ల పౌండ్ల నష్టాన్ని ప్రకటించింది. అలాంటి దెబ్బలు ఇకపై లారీల ఖాతాలో పడవు. ఆ కార్లు లాభాలు పండిస్తే అవీ ఇటు రావన్నది రెండో వైపు.

2025 జులైలో కుదిరిన భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం వల్ల జాగ్వార్ విద్యుత్ కార్లు చౌకగా వస్తాయనుకున్నవారికీ తొందరపాటు తగదు. కోటా మేరకు దిగుమతి సుంకం తగ్గింపు పెట్రోలు, డీజిలు కార్లకే తొలుత వర్తిస్తుంది. విద్యుత్ కార్లకు మొదటి ఐదేళ్లూ రాయితీ లేదు. దేశంలో తయారైన విద్యుత్ కారుపై జి.ఎస్.టి. 5 శాతమే కావడం, పెద్ద పెట్రోలు కార్లపై 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం ఉండటం మాత్రం ఇక్కడే తయారు చేసేవారికి ఊతమిచ్చేదే.

జంషెడ్‌పూర్‌లో విద్యుత్ వాహనం ఇప్పటికే మరో రూపంలో దిగింది. ఉక్కు రవాణాకు కనీసం 35 టన్నుల సామర్థ్యం గల 27 విద్యుత్ వాహనాలను వినియోగిస్తామని టాటా స్టీల్ 2021లో ప్రకటించింది. వాటిలో 15 ఈ నగరానికే ఉద్దేశించినవి. హైడ్రోజన్ ఇంజన్ల తయారీ కేంద్రం 2024 మార్చిలో ఇక్కడ ప్రారంభమైంది. పిస్టన్లు, షాఫ్టులు దానికీ కావాలి కనుక ఆదిత్యపూర్ ఆసక్తి పందెం కార్ల మీద కంటే దాని మీదే అధికం. 2025 మార్చిలో టాటా మోటార్స్ 16 హైడ్రోజన్ లారీలతో 24 నెలల రహదారి ప్రయోగాన్ని మొదలుపెట్టింది. అందుకు ఎంచుకున్న మార్గాల్లో ముంబయి, పుణె, దిల్లీ పరిసరాలతో పాటు జంషెడ్‌పూర్ కూడా ఉంది.