పందెపు గడియారము – పాతదనపు విలువ

సామాన్యమైన గడియారము వేళ యెంతయైనదో చెప్పును. ఒక పని యెంతసేపు జరిగినదో కొలిచి చెప్పు గడియారమునకు క్రోనోగ్రాఫు అని పేరు. గ్రీకు భాషలో ‘క్రోనోస్’ అనగా కాలము. ‘గ్రాఫీన్’ అనగా వ్రాయుట. 1821వ సంవత్సరమున పారిస్ నగరమున జరిగిన గుఱ్ఱపు పందెములలో నికొలా రియుసెక్ అను గడియారపు పనివాడు తాను చేసిన యంత్రము నొకదానిని ఉపయోగించెను. గుఱ్ఱము గమ్యమును చేరిన క్షణమున ఆ యంత్రము తిరుగు పలకపై సిరాచుక్కను ఉంచెడిది. అది కాలమును నిజముగనే వ్రాసినది గనుక ఆ పేరు సార్థకమైనది.

గుఱ్ఱముల తరువాత కారుల పందెములు వచ్చినవి. మెక్సికో దేశమున 1950 మొదలు 1954 వఱకు ‘కరేరా పానమెరికానా’ అను మిక్కిలి అపాయకరమైన పందెము జరిగెను. స్పానిష్ భాషలో ‘కరేరా’ అనగా పందెము. స్విట్జర్లాండు దేశపు గడియారముల కర్త జాక్ హోయర్ 1962లో అమెరికాలోని సెబ్రింగ్ పందెమునకు పోయినపుడు ఆ పేరు విని ముచ్చటపడి, 1963లో తాను వెలువరించిన చేతి క్రోనోగ్రాఫునకు దానినే పెట్టెను.

ఆ గడియారపు పనితీరును చూతము. దాని పెట్టె వ్యాసము 36 మిల్లీమీటర్లు. ముఖపలకపై మూడు చిన్న వలయములు గలవు. ఎడమది ఎల్లప్పుడు నడుచు సెకండ్లను చూపును. కుడిది 30 నిమిషముల వఱకును, క్రిందిది 12 గంటల వఱకును లెక్కించును. నడుమనున్న పొడవైన ముల్లు పై మీటను నొక్కినపుడు బయలుదేఱును. మరల నొక్కిన ఆగును. క్రింది మీటను నొక్కిన సున్నకు చేరును. లోపలి యంత్రము గంటకు 18,000 మారులు, అనగా సెకండునకు 5 మారులు కొట్టుకొనును. కావున సెకండులో ఐదవ వంతు వఱకు కొలువవచ్చును.

కొన్నిటిపై వేగమును చూపు గీతలును ఉండును. కారు ఒక కిలోమీటరును 30 సెకండ్లలో దాటినచో ముల్లు 120 అను అంకె యొద్ద నిలుచును. గంటలోని 3,600 సెకండ్లను 30చే భాగించిన వచ్చునది అదియే. అది గంటకు కిలోమీటర్లలో కారు వేగము.

ఇట్టి పాత గడియారములను సేకరించువారు వానిలో మెఱుపును వెదకరు. మొదట పట్టీని పట్టియుంచు కొమ్ములను చూతురు. కరేరా కొమ్ములు వాడియైన అంచులు గలవి. మెఱుగు పెట్టిన ప్రతిసారియు లోహము కొంత అరిగి ఆ అంచులు మొద్దుబాఱును. పోయిన లోహము మరల రాదు. తరువాత ముఖపలకను చూతురు. ఎండకు వన్నె మారిన పాత పలకకున్న గౌరవము క్రొత్తగా రంగు వేసిన పలకకు లేదు.

చీకటిలో వెలుగు చుక్కలును సాక్ష్యము పలుకును. 1960 దశకమున వానికి సాధారణముగా ట్రిటియము అను పదార్థమును వాడిరి. దాని శక్తి సుమారు 12 సంవత్సరముల 4 మాసములకు సగమగును. అరువది యేండ్లకు మిగులునది ముప్పదవ వంతు మాత్రమే. కనుక అంత పాత గడియారము నేటికిని చీకటిలో తనంతట తాను ప్రకాశించినచో, ఆ చుక్కలను ఎవరో తరువాత పెట్టిరని గ్రహింపవలెను.

అట్లని బాగుచేయుటయే తప్పని మా భావము కాదు. లోపలి నూనె ఎండినచో చక్రముల ఇరుసులు అరిగిపోవును. వానిని శుభ్రపఱచి నూనె వేయుట అవసరము. యంత్రమును నడిపించుట మరమ్మతు. వయస్సును దాచుట చెఱపుట. ఈ రెంటికిని గల భేదమును తెలియుటయే ముఖ్యము.

2017వ సంవత్సరము అక్టోబరు నెలలో, నటుడును పందెపు కారుల చోదకుడును అయిన పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా క్రోనోగ్రాఫు న్యూయార్కు నగరపు వేలములో 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికెను. ఆ ధరలో ఆయన కీర్తికి పెద్ద పాలు గలదు. కాని దాని వెనుక భాగమున, కారును జాగ్రత్తగా నడుపుమని ఆయన భార్య చెక్కించిన మాటలు గలవు. ఎవరైన దానిని నున్నగా సానపెట్టించి యుండినచో ఆ మాటలు నిలిచి యుండునా?

మే మెఱిగిన యొక యింట, తాతగారి చేతిగడియారమును మనుమలు ప్రేమతోనే దుకాణమున మెఱుగు పెట్టించిరి. అది తళతళలాడుచు తిరిగివచ్చినది. కాని వెనుక చెక్కియున్న ఆయన పేరును, ఉద్యోగ విరమణ తేదియు అరిగిపోయినవి. గడియారము నేటికిని నడుచుచున్నది. ఎవరిదో మాత్రము చెప్పజాలదు. విద్యార్థులారా! మీ యింటి పాత గడియారమును బాగుచేయించునపుడు, లోపల శుభ్రపఱచి పైభాగమును ముట్టవలదని పనివానికి ముందే చెప్పుడు.