టెక్‌కు తెలుగు వచ్చిన దారి

1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడే కూర్చుని సువార్తలను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు. అందులో మూడు 1812లో అచ్చయ్యాయి, అదీ బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో. అప్పటికి ఆ ఇద్దరూ చనిపోయారు. రాత ఒకచోట, అచ్చు మరోచోట ఉండడం తెలుగుకు పాత కష్టమే. కంప్యూటర్లు వచ్చాక అది ఇంకో రూపంలో ఎదురైంది.

1977లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ నూత్, తన పుస్తకం ప్రూఫుల్లో అక్షరాల తీరు నచ్చక, పేజీలు కూర్చే ప్రోగ్రాం తానే రాయడానికి పూనుకున్నాడు. అదే టెక్. పంక్తులను ఒక్కొక్కటిగా కాక, పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి ఎక్కడ విరవాలో లెక్కకడుతుంది. ఆ లెక్క అందం నేటికీ చెక్కుచెదరలేదు. అయితే దాని ఫాంటులో 256 గళ్లకు మించి లేవు. ఇంగ్లీషుకు అవి చాలు. గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగుకు ఎలా చాలుతాయి?

అయినా మనవాళ్లు ఆగలేదు. ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణ్‌కుమార్ తెలుగుటెక్ తయారుచేశారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే పద్ధతిని రూపొందించారు. కాగితం మీద చక్కని తెలుగే వచ్చేది. ఫైలు తెరిస్తే మాత్రం అందులో ఒక్క తెలుగు అక్షరమూ ఉండేది కాదు. ఆ రోజుల్లో అంత శ్రమపడి తెలుగు పేజీ తీసినవాళ్లను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు సొంత సంకేతాలు దక్కాయి. కాని సంకేతాలు ఉన్నంత మాత్రాన అక్షరం కుదరదు. విశాఖలో అందరి నోటా ఉండే ‘స్టీల్’నే తీసుకోండి. ఫైలులో అది స, పొల్లు, ట, ఈకారం గుర్తు, ల, మళ్లీ పొల్లు: ఆరు సంకేతాలు. ట తర్వాత నమోదైన ఈకారం వెళ్లి స తలమీద కూర్చోవాలి, ట వత్తుగా మారి కిందికి దిగాలి, ల మీద మాత్రం పొల్లు పొల్లుగానే నిలవాలి. పాత టెక్‌కు ఇదేమీ తెలియదు.

ఎస్‌ఐఎల్ సంస్థలో పనిచేసిన జోనథన్ క్యూ 2004లో జీటెక్‌ను విడుదల చేశాడు. పంక్తులు విరిచే పని టెక్‌కే ఉంచి, అక్షరాలు అల్లే పనిని ఫాంటులోని నియమాలకు అప్పగించడం అందులోని కిటుకు. 2013 నుంచి ఆ నియమాలను అమలు చేసే పనిని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ చూస్తోంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన లాంటి ఫాంటు ఉంటే చాలు, ఫైలులోనూ తెలుగే, పేజీలోనూ తెలుగే.

విశాఖ ఉక్కు కర్మాగారం లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఒకే కాగితం మీదికి రావడం మామూలే. హిందీలో హ్రస్వ ఇకారం హల్లు తర్వాత నమోదై హల్లుకు ముందు కనిపించాలి. తెలుగు వత్తులు కిందికి జారతాయి. ఇంగ్లీషును చూసి పంక్తుల మధ్య ఎడం పెడితే మన వత్తులు కింది పంక్తిని తాకుతాయి. అందుకే మూడు భాషల పేజీకి ఎడం తెలుగును చూసే పెట్టాలన్నది నా గట్టి నమ్మకం.

ఇక పొడుగు మాటల సంగతి. సంతోష్ తొట్టింగల్ భారతీయ భాషలకు రాసిన పదవిభజన సూత్రాల్లో తెలుగువీ ఉన్నాయి. ‘కార్మికులందరికీ’ పంక్తి చివర ఇమడకపోతే ‘కార్మికు’ దగ్గర తెంచి, ‘లందరికీ’ని కింది పంక్తికి దించవచ్చు. ‘ర్మి’ని మాత్రం మధ్యలో విరవకూడదు.