కొల్లేటి ఒడ్డున మంచురాజు

చలి పెద్దగా ఎరగని ఊళ్లివి. ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా ధనుర్మాసపు తెల్లవారుజామున కాస్త మంచు పడితే ఓ శాలువాతో సరిపెట్టుకుంటారు. అలాంటి చోట కూర్చుని, గడప దాటితే ప్రాణాలు గడ్డకట్టే రష్యా అడవి కథ చదివితే ఏం ఒంటబడుతుంది? చాలానే. కేథరిన్ ఆర్డెన్ నవలలు అందుకు సాక్ష్యం.

అమెరికా రచయిత్రి ఆర్డెన్ రాసిన ‘ది బేర్ అండ్ ది నైటింగేల్’ 2017లో వచ్చింది. 2019 నాటికి మరో రెండు భాగాలతో కథ పూర్తయింది. కాలం 14వ శతాబ్దం. ఉత్తరాన అడవి అంచు పల్లెలో వాస్య అనే పిల్ల. పొయ్యి దగ్గర చేరిన పిల్లలకు దాది మంచురాజు మొరోజ్కో కథ చెబుతుండగా నవల మొదలవుతుంది. పొయ్యి చాటున ఇంటిని కాచే దొమొవోయ్, గుర్రపుశాలలో వజిలా, చెరువులో రుసాల్కా ఉంటారు. అందరూ మాటల్లో చెప్పుకొనే ఈ చిన్న దేవతలు వాస్యకు కంటికి కనిపిస్తారు. ఆమె వాళ్లకు రొట్టెముక్క పెడుతుంది, కబుర్లాడుతుంది.

పేచీ అక్కడే. మాస్కో నుంచి వచ్చిన యువ మతగురువు ఇవన్నీ దయ్యాలని ఊరిని భయపెడతాడు. జనం నైవేద్యాలు మానేస్తారు. ఇంటి దేవతలు చిక్కి శల్యమవుతారు, అడవిలో నిద్రపోతున్న ఎలుగు లేస్తుంది. గ్రామదేవతకు చలిమిడి, పానకం పట్టుకెళ్లే ఇళ్లలో పెరిగిన పాఠకులకు ఈ భాగం వివరించనక్కర్లేదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు లంక గ్రామాల జనం ఎందుకు కదులుతారో తెలిసినవాళ్లు ఆ రొట్టెముక్క విలువ వెంటనే పోల్చుకుంటారు.

రష్యన్ కథలు తెలుగువారికి కొత్తేమీ కాదు. రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల బొమ్మల పుస్తకాలు విశాలాంధ్ర వారి ద్వారా తక్కువ ధరకు ఊరూరా చేరాయి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. ఆ పుస్తకాలతో పెరిగిన తరానికి ఆర్డెన్ నవల చిన్ననాటి నేస్తం పెద్దదై ఎదురొచ్చినట్టు ఉంటుంది.

ఇందులో ప్రేమ కూడా ఉంది, తొందరపడని ప్రేమ. వాస్యకు లోకం చూపే దారులు రెండే: పెళ్లి, లేదా మఠం. ఆమె రెండూ వద్దని గుర్రమెక్కుతుంది. మంచురాజుతో ఆమె అనుబంధం మూడు భాగాల మీదుగా నెమ్మదిగా పండుతుంది. ఊరు మంత్రగత్తె అంటుంది, మాస్కోలో జనం తగలబెట్టబోతారు. చివరికి కథ 1380 నాటి కులికోవో యుద్ధంలోకి నడుస్తుంది. ఆ యుద్ధం నిజం. మాస్కో ప్రభువు ద్మీత్రి, మంగోలు సేనాని మమాయ్ నిజం. కల్పనకు బలమిచ్చేది ఈ చరిత్రే.

కొల్లేరు సరస్సుకూ చరిత్ర, కల్పన ఈ రెండూ ఉన్నాయి. 634 నాటి ఐహోళె శాసనం రెండో పులకేశి విజయాల్లో, యుద్ధంలో నెత్తురుతో ఎర్రబడిన కునాల జలాలను పేర్కొంటుంది. అది కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు ఏలిన వేంగి, ఏలూరు పక్కనున్న పెదవేగి.

ఇక జనం చెప్పుకొనే కథ. గజపతుల సైన్యం నీటి మధ్య కొల్లేటికోటలో ఉంది. శత్రువు చిగురుకోట దగ్గర దిగాడు. నీరు సముద్రంలోకి పోతే తప్ప కోట చిక్కదు. అందుకు తవ్విన కాలువే నేటి ఉప్పుటేరట. విజయం దక్కాలని గజపతుల సేనాని కన్నకూతుర్నే బలి ఇచ్చాడట, అందుకే ఆ కాలువకు పేరంటాల కనమ అని పేరొచ్చిందట. ఆ పిల్ల ఏమనుకుందో కథ చెప్పదు. వాస్య నవల చదివినవారికి ఆ మౌనం ఇంక భరించరానిదవుతుంది. తనను బలి ఇవ్వబోయిన లోకానికి వాస్య ఎదురుతిరిగింది. పేరంటాలికి ఆ అవకాశం ఇచ్చే నవల రావాలి.

దారి కొత్తదేం కాదు. భీమవరం ప్రాంతంలో పుట్టిన అడివి బాపిరాజు ‘హిమబిందు’లో శాతవాహనుల చరిత్రను, విషకన్యను, ప్రేమను ఒకే కథలో పెట్టారు. ఆర్డెన్ కన్నా దశాబ్దాల ముందు మాట ఇది.

కొల్లేరు చుట్టుపక్కల కలం పట్టిన యువతీ యువకులు ముందు వాస్య కథ చదవాలి. తర్వాత లంక గ్రామాల పెద్దలను పేరంటాలి కథ అడగాలి, ఒక్కొక్కరు చెప్పింది ఒక్కో రకంగా ఉన్నా సరే, విన్నది విన్నట్టు రాసుకోవాలి. నవల ఆ కాగితాల్లోంచే మొదలుపెట్టండి.