అరచేతి ఆటయంత్రం – కొనుగోలుదారుని వివేకం

మానవుడు స్వభావతః క్రీడాప్రియుడు. వామనగుంటలు, అష్టాచెమ్మా, పులిజూదం, చదరంగం, వైకుంఠపాళి మొదలైన ఆటలు తరతరాలుగా తెలుగువారి అరుగుల మీద ఆడినవే. వాటికి కావలసిన సామగ్రి స్వల్పం. నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు, నేల మీద సుద్దతో గీసిన గళ్ళు ఉంటే చాలు. అందువల్ల ఆనాటివారికి ఆట ఆడాలా వద్దా అనే ప్రశ్న ఎదురైందే కాని, ఆటవస్తువును కొనాలా వద్దా అనే ప్రశ్న అంతగా ఎదురుకాలేదు. నేటి పరిస్థితి వేరు. చేతిలో ఇమిడే వీడియో గేమ్ కన్సోల్ కొనాలంటే వేలకు వేలు వెచ్చించాలి. ఆ సొమ్ము ఎన్నో నెలల పొదుపు కావచ్చు, తల్లిదండ్రుల కష్టార్జితం కావచ్చు. కనుక అటువంటి వస్తువును కొనే ముందు ఏయే విషయాలను విచారించాలో తెలుసుకోవడం ఆవశ్యకం.

ఈ యంత్రాల చరిత్ర ఆసక్తికరమైనది. జపాన్ దేశంలోని క్యోటో నగరంలో 1889లో పూలబొమ్మల పేకముక్కలు తయారుచేసే సంస్థగా నింటెండో ఆరంభమైంది. ఆ సంస్థలో పనిచేసిన గున్‌పెయ్ యోకోయ్ 1980లో 'గేమ్ అండ్ వాచ్' అనే చిన్న యంత్రాన్ని రూపొందించాడు. రైలు ప్రయాణంలో ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన కలిగిందని చెబుతారు. 1989లో ఆయన బృందం 'గేమ్ బాయ్' అనే యంత్రాన్ని వెలువరించింది. ఆట నిక్షిప్తమైన చిన్న పెట్టెను మార్చినప్పుడల్లా అందులో కొత్త ఆట ఆడవచ్చు. సోవియట్ దేశానికి చెందిన అలెక్సీ పజిత్నోవ్ 1984లో సృష్టించిన 'టెట్రిస్' ఆట గేమ్ బాయ్ ద్వారా లోకమంతటా వ్యాపించింది.

గేమ్ బాయ్ చరిత్ర కొనుగోలుదారునికి మొదటి పాఠం నేర్పుతుంది. దాని తెరకు రంగులు లేవు, లోపల వెలుగు లేదు. 1990లో సెగా సంస్థ తెచ్చిన 'గేమ్ గేర్' రంగుల తెరతో, వెలుగుతో కళ్ళను ఆకట్టుకొన్నది. అంగడిలో రెండింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే ఎవరి చేయి ఎటు సాగుతుందో చెప్పనక్కరలేదు. అయితే గేమ్ గేర్‌కు ఆరు బ్యాటరీలు వేసినా అవి మూడు నుంచి ఐదు గంటలకు మించి నిలిచేవి కావు. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా పనిచేసేది. పాతబడి చవకైన సాంకేతికతను కొత్త రీతిలో వినియోగించాలన్నది యోకోయ్ సిద్ధాంతం. కాలక్రమంలో గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిసి పదకొండు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. గేమ్ గేర్ అమ్మకాలు కోటి పైచిలుకు వద్ద ఆగిపోయాయి. అంగడిలో మెరిసే గుణం వేరు, ఇంటికి తెచ్చిన తరువాత ఉపయోగపడే గుణం వేరు అని దీనివల్ల స్పష్టమవుతున్నది.

రెండవ పాఠం మన ఊళ్ళ తిరునాళ్ళలోనే లభిస్తుంది. 1990ల దశకంలో బొమ్మల దుకాణాలలోను, ఎగ్జిబిషన్‌లలోను 'బ్రిక్ గేమ్' అనే చవక యంత్రాలు విరివిగా దొరికేవి. వాటిలో కొన్నింటి మీద '9999 ఆటలు' అని పెద్ద అక్షరాలతో ముద్రించి ఉండేది. ఇంటికి తెచ్చి ఆడి చూస్తే ఉన్నవి కొన్ని ఆటలు మాత్రమే. వేగం కొంచెం మార్చి, అమరిక కొంచెం మార్చి, ఒక్కొక్క మార్పునూ ఒక్కొక్క ఆటగా లెక్కించేవారు. కనుక అట్టపెట్టె మీది సంఖ్యను చూసి కాక, తాను నిజంగా ఆడదలచిన ఆటలు ఏవో, అవి ఆ యంత్రంలో లభిస్తాయో లేదో విచారించి నిర్ణయించుకోవాలి.

మూడవ పాఠం తొందరపాటుకు సంబంధించినది. 2011 ఫిబ్రవరిలో నింటెండో సంస్థ '3డీఎస్' అనే కన్సోల్‌ను జపాన్‌లో 25,000 యెన్‌లకు విడుదల చేసింది. అమ్మకాలు ఆశించినంతగా లేకపోవడంతో ఆరు నెలలు తిరగకముందే, ఆగస్టులో, దాని ధరను 15,000 యెన్‌లకు తగ్గించింది. ముందుగా కొన్నవారికి సంస్థ ఇరవై పాత ఆటలను ఉచితంగా ఇచ్చి ఊరట కలిగించింది. అయినా ఆగినవారికి మిగిలిన సొమ్ము తక్కువేమీ కాదు. అన్ని కన్సోల్‌ల ధరలూ ఇట్లే తగ్గుతాయని అనుకోరాదు. వచ్చిన తొలినాడే కొని తీరాలనే ఆతురత మాత్రం అరుదుగా లాభిస్తుంది.

ఇక ఖర్చు సంగతి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు అని సామెత. యంత్రం ఏనుగు అయితే ఆటలు, మెమరీ కార్డు, రక్షణకవచం అంకుశాలు. 2011లో వచ్చిన సోనీ 'ప్లేస్టేషన్ వీటా' శక్తిమంతమైన యంత్రమే. కాని దానికి ప్రత్యేకంగా తయారుచేసిన ఖరీదైన మెమరీ కార్డులే వాడవలసి రావడం వినియోగదారులకు భారమైంది. కాబట్టి యంత్రం ధరను మొత్తం ధరగా భావించరాదు.

దీనిని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. ఒక చిన్న పట్టణంలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఉన్నాడనుకొందాం. వేసవి సెలవులలో దుకాణంలో పనిచేసి, పండుగలకు బంధువులిచ్చిన డబ్బు కూడా కలిపి అతడు 25,000 రూపాయలు కూడబెట్టాడు. కన్సోల్ కొంటానంటే తండ్రి కాదనలేదు. "నీ కష్టార్జితం నాన్నా, నువ్వే లెక్క వేసుకొని చూడు" అన్నాడు. కుర్రవాడు కాగితం తీసుకొని లెక్క వేశాడు. యంత్రం 24,000 రూపాయలు. ఒక్కొక్కటి 3,000 చొప్పున నాలుగు ఆటలకు 12,000. కార్డుకు, కవచానికి 2,000. మొత్తం 38,000 అయింది. తన చేతిలో ఉన్న సొమ్ము యంత్రానికి సరిపోతుందే కాని ఆటకు సరిపోదని అతనికి అప్పుడు తెలిసింది.

అతడు మరొక లెక్క కూడా వేశాడు. వారానికి ఐదు గంటల చొప్పున రెండేళ్ళు ఆడితే 520 గంటలు. అప్పుడు గంటకు సుమారు 73 రూపాయలు పడుతుంది. మోజు తీరి నలభై గంటలకే మూలన పడవేస్తే గంటకు 950 రూపాయలు. యంత్రం ఒక్కటే, ధర కూడా ఒక్కటే. దానిని చవకగానో ప్రియంగానో మార్చేది వాడేవాని స్వభావం. ఆ స్వభావాన్ని తెలుసుకోవడానికి అతడు సంక్రాంతి సెలవులకు తన పెదనాన్నగారి అబ్బాయి కన్సోల్‌ను అడిగి తెచ్చుకొన్నాడు. మొదటి రెండు రోజులు నిద్ర కూడా మరచి ఆడాడు. పుస్తకం తెరిస్తే అక్షరాల మీద ఆటబొమ్మలే కదలాడాయి. నాలుగవ రోజుకు ఒంటరిగా ఆడడం విసుగనిపించింది. చెల్లెలితో కలిసి ఆడినప్పుడు మాత్రం సమయమే తెలియలేదు. తనకు కావలసినది ఎట్టి ఆటో, పరీక్షల ముందు ఆ యంత్రం ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఆ పది రోజులలో అతనికి బోధపడింది. పరీక్షలు ముగిసిన తరువాత, ఇద్దరు కలిసి ఆడదగిన ఆటలతో సహా, ఒకరు వాడిన కన్సోల్‌ను తక్కువ ధరకు కొన్నాడు. మిగిలిన సొమ్మును పైచదువు కోసం బ్యాంకులో వేశాడు.

పాత యంత్రం కొనేవారు బ్యాటరీ ఎంతసేపు నిలుస్తున్నదో, మీటలన్నీ పనిచేస్తున్నాయో, తెర మీద మచ్చలున్నాయో స్వయంగా ఆడి పరీక్షించుకోవాలి. కొత్తది కొనేవారు బిల్లు, వారంటీ ఉన్నాయా అని, చెడిపోతే బాగుచేసేవారు సమీపంలో ఉన్నారా అని తెలుసుకోవాలి. ఆటలను ఇంటర్నెట్ ద్వారా మాత్రమే కొనేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. 3డీఎస్ ఇంటర్నెట్ అంగడిలో 2023 మార్చితో అమ్మకాలు నిలిచిపోయాయి. అంగడి మూతపడిన తరువాత అక్కడ కొత్తగా కొనడానికి వీలుండదు. చేతికి దొరికే కార్డును ఇతరులకు ఇవ్వవచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు.

ధనం పోతే తిరిగి సంపాదించుకోవచ్చు. పోయిన కాలం తిరిగిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదం పొందిన వ్యాధుల వర్గీకరణలో 'గేమింగ్ డిజార్డర్' అనే రుగ్మతను చేర్చింది. ఆట మీద అదుపు కోల్పోవడం, ఇతర పనులకంటె ఆటకే ప్రాధాన్యమివ్వడం, నష్టం కలుగుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఈ స్థితి పన్నెండు నెలలపాటు కొనసాగితేనే దానిని రుగ్మతగా నిర్ధారిస్తారు. ఆడే ప్రతివాడూ రోగి అని దీని భావం కాదు. మహాభారతంలో ధర్మరాజు పాచికలు ముట్టుకోవడంతోనే రాజ్యం కోల్పోలేదు. ఎక్కడ ఆపాలో తెలియక కోల్పోయాడు. నేటి ఆటగాడు రాజ్యాన్ని పణంగా పెట్టకపోవచ్చు. కాని ఎంట్రన్స్ పరీక్ష ముందరి రాత్రులను పణంగా పెట్టే ప్రమాదం ఉన్నది.

ఆట నింద్యం కాదు. అలసిన మనస్సుకు అది విశ్రాంతి, తోబుట్టువుల నడుమ స్నేహబంధం. కొనుగోలు కూడా నింద్యం కాదు. అయితే ఏమి ఆడాలి, ఎవరితో ఆడాలి, ఎంతసేపు ఆడాలి, అందుకు మొత్తం ఎంత వెచ్చించాలి అనే నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే అంగడి మెట్లు ఎక్కాలి. ఆ సమాధానం 'కొనవచ్చు' అయినా, 'ఇప్పుడు వద్దు' అయినా, లెక్క చూసి తీసుకొన్న నిర్ణయానికి పశ్చాత్తాపం ఉండదు.