చిత్రములలో సూర్యకుటుంబము

పాఠశాల గోడపై సూర్యకుటుంబ పటమును చూడని విద్యార్థి యుండడు. ఒక చివర సూర్యుడు. అతని ప్రక్కనే బుధుడు మొదలు నెప్ట్యూను వరకు ఎనిమిది గ్రహములు పంక్తిలో కూర్చున్నట్లు వరుసగా నుండును. ఈ పటము గ్రహముల పేర్లను, క్రమమును చక్కగా నేర్పును. దూరములను మాత్రము చూపజాలదు. సూర్యుని ఒక మీటరు అడ్డుకొలత గల గోళముగా నెంచినచో భూమి 9 మిల్లీమీటర్ల శనగగింజ యగును. ఆ గింజను సూర్యునికి సుమారు 107 మీటర్ల దూరమున నుంచవలెను. నెప్ట్యూనును చేరుటకు 3 కిలోమీటర్లకు పైగా నడువవలెను. అంతటి గోడ ఏ పాఠశాలకును లేదు. కావున చిత్రకారుడు ఒక సత్యమును చూపుటకై వేరొక సత్యమును విడిచెను. ఇది దోషమనరాదు. సూర్యకుటుంబమును గూర్చి మానవుడు రచించిన ప్రతి చిత్రమునందును ఇట్టి విడుపు కలదు. దానిని గుర్తించుటయే ఆ చిత్రములను ఆస్వాదించుటకు తొలిమెట్టు.

దూరదర్శిని పుట్టిన తొలినాళ్లలో చిత్రలేఖనమే శాస్త్రమునకు చేయూత యయ్యెను. 1609 జూలైలో ఇంగ్లండునందు థామస్ హేరియట్ దూరదర్శినిలో చంద్రుని చూచి బొమ్మ గీచెను. అందు వెలుగునకు చీకటికి నడుమ ఒక వంకర గీతయు, కొన్ని మచ్చలును మాత్రమే కలవు. కొన్ని నెలల తరువాత ఇటలీలో గెలీలియో అదే చంద్రుని చూచెను. ఆయన చిత్రలేఖనము నభ్యసించినవాడు. వెలుగునీడలు గోళముపై ఎట్లు పడునో ఎరిగినవాడు. ఆ మచ్చలు కొండల నీడలనియు, చీకటిలో మెరయు చుక్కలు ఉదయకాంతి సోకిన శిఖరములనియు ఆయన గ్రహించెను. 1610లో వెనిస్ నగరమున ఆయన గ్రంథము వెలువడిన పిమ్మట హేరియట్ గీచిన చిత్రములలోను చంద్రుని గుంటలు కనబడసాగెను. కన్ను రెండు చోట్లను ఒక్కటే. దానికి లభించిన శిక్షణ వేరు. ఆ శతాబ్దాంతమున జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మరియా క్లారా ఐమ్మార్ట్ అను యువతి నీలి కాగితముపై మూడు వందలకు పైగా చంద్ర చిత్రములు రచించెను.

ఐతే చేయి కన్నును పెడత్రోవ పట్టించిన సందర్భమును కలదు. 1877లో ఇటలీ ఖగోళవేత్త షియాపరెల్లి కుజగ్రహముపై సన్నని గీతలను చూచి వానికి కాలువలను సూచించు పేరు పెట్టెను. అమెరికాలో పెర్సివల్ లోవెల్ అవి బుద్ధిజీవులు త్రవ్వినవేయని వాదించి, తిన్నని గీతల వలవంటి పటములను ప్రకటించెను. 1965 జూలైలో మారినర్ 4 నౌక కుజుని సమీపించి చిత్రములు పంపెను. అందు గుంటలే గాని కాలువలు లేవు. ఆ చిత్రములు భూమికి చేరినది అంకెల రూపమున. ఒక్కొక్క చిత్రమునకు గంటలు పట్టెను. యంత్రము వానిని బొమ్మగా కూర్చువరకు ఆగలేక కొందరు ఇంజనీర్లు అంకెలు ముద్రించిన కాగితపు పట్టీలను పలకపై అతికించి, అంకెకొక రంగు చొప్పున రంగు సుద్దలతో నింపిరి. కుజుని సమీప దృశ్యము తొలుత కండ్లబడినది ఇట్లు చేతితో రంగులద్దిన బొమ్మగానే!

ఖగోళ ఛాయాచిత్ర చరిత్రలో తెలుగునాటికిని చోటు కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున టెన్నెంట్ నాయకత్వమున ఆంగ్ల బృందము గుంటూరులో సూర్యుని ఛాయాచిత్రములు తీసెను. అదే ఊర ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుని అంచున ఎగయు ఎఱ్ఱని జ్వాలలను వర్ణపటదర్శినితో పరిశీలించి, అవి మండు వాయువులని కనుగొనెను. ఆయనయే 1874 డిసెంబరులో జపానునందు, శుక్రుడు సూర్యబింబమును దాటు వేళ, 72 సెకండ్లలో 48 చిత్రములు తీయగల కెమేరాను ప్రయోగించెను. చలనచిత్రమునకు పూర్వరూపములలో ఇది యొకటి.

కదలిక చూపునది నిశ్చలచిత్రము చూపజాలదు. 1979లో వాయేజర్ 1 గురుగ్రహమును సమీపించుచు వరుసగా తీసిన చిత్రములను కూర్చి ఆడించినప్పుడు, మేఘపంక్తులు ఎదురెదురు దిశలలో పరుగిడుటయు, మహారక్తబిందువు సుడి తిరుగుటయు ప్రత్యక్షమయ్యెను. ఆ కాలముననే జేమ్స్ బ్లిన్ కంప్యూటరుతో వాయేజర్ గ్రహములను చుట్టిపోవు దృశ్యములను సృష్టించెను. మొదటిది కెమేరా చూచినది. రెండవది గణితము చెప్పినది. నౌకను వెలుపలి నుండి చిత్రించిన కెమేరా ఏదియు అచట లేదు.

ఊహకును ఇందు స్థానము కలదు. 1944లో అమెరికా చిత్రకారుడు చెస్లీ బోన్‌స్టెల్ శనిగ్రహమును దాని ఉపగ్రహమగు టైటాన్ నుండి చూచినట్లు చిత్రించెను: నీలాకాశము, మంచు కొండలు, నడుమ వలయములతో శని. 2005 జనవరిలో హైగెన్స్ నౌక టైటాన్‌పై దిగి చూడగా ఆకాశము నారింజ వర్ణపు పొగమంచు. శని జాడ లేదు. చిత్రము తప్పినది; కాని దానిని చూచి అంతరిక్షమునకు ఆకర్షితులైనవారు పలువురు.

ఛాయాచిత్రము మాత్రము అబద్ధమాడదని నమ్మవచ్చునా? పెక్కు పుస్తకములలో నెప్ట్యూను ముదురు నీలముగా నుండును. 1989లో వాయేజర్ 2 తీసిన చిత్రములలో మేఘములు స్పష్టమగుటకై శాస్త్రజ్ఞులు రంగును గాఢము చేసి, ఆ సంగతిని క్రింద వ్రాసిరి. చిత్రము లోకమంతయు తిరిగినది. ఆ వ్రాత వెనుకబడినది. ఇరువురి రంగును లేత ఆకుపచ్చ కలిసిన నీలమేననియు, నెప్ట్యూను యురేనస్ కంటె ఒకింత మాత్రమే నీలమనియు 2024లో ప్రకటితమైన పరిశోధన తేల్చెను.

కావున ఉపాధ్యాయుడు ప్రతి చిత్రమును చూపునపుడు మూడు ప్రశ్నలు వేయుట మేలు. ఇది గీచినదా, తీసినదా, లెక్కించి కూర్చినదా? ఇందలి కొలతలు నిజమైనవేనా? ఈ రంగు కంటికి కనబడునదేనా? పిదప విద్యార్థులచే శుక్లపక్షమున విదియ మొదలు పున్నమి వరకు ప్రతి సాయంకాలము చంద్రుని గీయింపవలెను. బొమ్మ చక్కగా రాకున్నను చింతలేదు. నిన్న లేని నీడ నేడెక్కడ పడినదో ఒక్క బాలిక కనుగొన్నను ఆ తరగతికి అది చాలును.