మీకు తెలుసా? నెల్లూరు మిషన్ మూతపడకుండా నిలబెట్టిన బైబిలు పండితుడు

ఉదయగిరి అనగానే మనకు కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోటే గుర్తొస్తుంది. అదే ఊళ్లో 1885లో, ఆత్మకూరులో 1893లో అమెరికన్ బాప్తిస్టు మిషన్ కేంద్రాలు వెలిశాయి. వీటికి తల్లివేరు లాంటి నెల్లూరు మిషన్‌ను అంతకు ముప్పై ఏళ్ల ముందే ఎత్తేయాలనుకున్నారని మీకు తెలుసా? వద్దని పట్టుబట్టినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు లైమన్ జూయెట్.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1813లో పుట్టిన జూయెట్, బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదివి, న్యూటన్‌లో వేదాంతవిద్య ముగించి, 1849లో భార్య యుఫీమియాతో నెల్లూరు చేరారు. 1840లో శామ్యూల్ డే అక్కడ పని మొదలుపెట్టినా సంఘంలో చేరినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఖర్చు తప్ప ఫలితం లేదు, మూసేద్దాం అన్నారు అమెరికాలో కొందరు పెద్దలు. 1853లో ఆల్బనీ సభలో ఆ చర్చ నడుస్తుండగా, మిషన్ పటంలో తెలుగు ప్రాంతానికి ఉన్న ఒకే ఒక్క నక్షత్రాన్ని తలచుకుని శామ్యూల్ స్మిత్ 'లోన్ స్టార్' కవిత రాశారు. 'అమెరికా' అనే దేశభక్తి గీతం రాసిందీ ఆయనే. మిషన్ బతికింది.

1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలు కొండ ఎక్కినవాళ్లు అయిదుగురు: జూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు అనే ఆయన, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. (1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే.) ఆరోగ్యం చెడి 1862లో అమెరికా వెళ్లినప్పుడు మూసివేత మాట మళ్లీ వస్తే, మిషన్ ఉన్నా లేకున్నా నేను మళ్లీ అక్కడికే పోతానని జూయెట్ తేల్చి చెప్పారు. 1865లో తిరిగొచ్చినప్పుడు వెంట జాన్ క్లౌ అనే కొత్త మిషనరీ ఉన్నారు. మరుసటి ఏడాది, తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్యకు, ఆయన భార్యకు జూయెట్ బాప్తిస్మమిచ్చారు. పేరయ్య తనవాళ్ల మధ్య ఊరూరా తిరిగి చెప్పినదే తర్వాతి పెద్ద కదలికకు మొదలు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ బాప్తిస్మాలతో పేరు క్లౌకు వచ్చింది. జూయెట్ ఆ ఏడాదే మద్రాసుకు మారారు. బైబిలును మంచి తెలుగులో నిలపడం మీద ఆయనకు మొదటి నుంచీ మక్కువ. పాత అనువాదాన్ని మూలంతో సరిచూస్తూ, వాక్యం వెంట వాక్యం దిద్దే ఆ పనికి జనం గుమిగూడరు, పత్రికలు రాయవు. నన్నడిగితే ఆయన జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పెట్టింది అక్కడే. 1897లో మసాచుసెట్స్‌లో కన్నుమూశారు.

అయితే తెలుగు బైబిలు అనువాదాలను దొరల పేర్లతోనే చెప్పుకోవడం అన్యాయం. జూయెట్ కన్నా ముందే విశాఖపట్నంలో జార్జ్ క్రాన్, డెస్‌గ్రాంజెస్ అనే మిషనరీలు సువార్తల అనువాదానికి పూనుకున్నారు. వారికి కుడిభుజమై నిలిచినవారు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ముగ్గురిలో మిగిలింది ఆనందరాయరే.